ఆషాఢంలో ఆటల బేరం

2025లో ఆషాఢ మాసమూ, స్టీమ్ సమ్మర్ సేలూ ఒకే రోజున మొదలయ్యాయి, జూన్ 26న. ఆ సాయంత్రమే విజయవాడ నుంచి అమ్మ ఫోను. బీసెంట్ రోడ్డులో ఆషాఢం డిస్కౌంట్లు పెట్టారట, పిన్నితో కలిసి వెళ్ళొచ్చిందట, ఒక్క చీర తీసుకుందట. "నీ సేలు ఎప్పుడ్రా?" అనడిగింది. నా సంగతి అమ్మకి తెలుసు.

"ఈ రాత్రికేనమ్మా, ఒంటిగంటకి" అన్నాను.

అమెరికాలో పసిఫిక్ టైము ప్రకారం పొద్దున పదింటికి తలుపులు తీస్తారు. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకి అది అర్ధరాత్రి దాటాక ఒంటిగంట.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్టు. వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ 2003లో మొదలుపెట్టింది. ఏడాదికి కొన్నిసార్లు పెద్ద సేలు పెడతారు, వేసవిలో పెట్టేది రెండు వారాలుంటుంది. సగం ధర, పావు ధర, ఒక్కోసారి పదో వంతు ధర. ఎందుకంత తగ్గిస్తారంటే, వాళ్ళ దగ్గర అమ్ముడుపోని సరుకంటూ ఏమీ ఉండదు. ఆషాఢంలో చీరలు చవకయ్యే లెక్క వేరు. ముహూర్తాలుండవు, పెళ్ళి బేరాలుండవు, కొత్త కోడళ్ళు పుట్టిళ్ళకి వెళ్ళిపోతారు. కొట్లో జనం తక్కువ, బీరువాల్లో సరుకు ఎక్కువ. శ్రావణం వచ్చేలోగా పాతది కదలాలి. స్టీమ్‌లో ఇంకో కాపీ అమ్మడానికి ఎవరికీ పెద్దగా ఖర్చేమీ అవదు. మొదటి రోజే కావాలనుకునేవాడి దగ్గర పూర్తి ధర తీసుకుంటారు, నాలాగా గుమ్మం బయట తచ్చాడేవాడి కోసం ఏడాదికో మెట్టు దిగుతారు. వచ్చినదాంట్లో మామూలుగా 30 శాతం వాల్వ్‌ది, మిగతాది ఆట తయారుచేసినవాళ్ళది. అంతే వ్యాపారం.

చిన్నప్పుడు అమ్మతో చీరల కొట్టుకి వెళ్ళడమంటే నాకు నరకం. తెల్ల పరుపు మీద కొట్టబ్బాయి ఒకదాని మీద ఒకటి విప్పి పరుస్తూనే ఉంటాడు. అమ్మ అంచు పట్టుకుని చూస్తుంది, పైట చెంగు చూస్తుంది, ఆఖర్న ఎవర్నీ అడగనట్టుగా పైకే అడుగుతుంది: "ఇది ఎప్పుడు కట్టుకుంటాను?" పక్కనుంచి పిన్ని "సగం ధరే కదక్కా" అంటుంది. "సగం ధర పెట్టి బీరువాకి కట్టనా?" అంటుంది అమ్మ. ఫలానా వాళ్ళమ్మాయి పెళ్ళికి అని గానీ, వరలక్ష్మీ వ్రతానికి అని గానీ జవాబు తోస్తే ఆ చీర ఇంటికొస్తుంది. తోచకపోతే ఎంత తగ్గించినా రాదు.

ఈ తెలివి నాకు వారసత్వంగా రాలేదు. నా స్టీమ్ ఖాతాలో 212 ఆటలున్నాయి. వాటిలో 90కి పైగా ఒక్కసారి కూడా తెరవలేదు. సిమ్ లిమ్ స్క్వేర్‌లో నచ్చిన భాగాలన్నీ ఏరి కట్టించుకున్న కంప్యూటర్‌లో ఆ ఆటల జాబితా కిందికి జరుపుతుంటే, మా ఆవిడ వెనక నుంచి చూసి "ఇవన్నీ రిటైరయ్యాకా?" అంది ఒకసారి.

దీనికి మూలం ఇంజనీరింగ్ హాస్టల్లో ఉంది. 2004 నుంచి 2008 దాకా నేను ఆడినన్ని ఆటలు మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, వైస్ సిటీ, మోస్ట్ వాంటెడ్. ఒక్కదానికీ రూపాయి కట్టలేదు. ఎవడో ఎక్కణ్ణుంచో తెచ్చిన సీడీ, హాస్టల్ లాన్‌లో షేర్ చేసిన ఫోల్డరు, క్రాక్ ఫైలు. ఆటకి డబ్బు కట్టాలన్న ఆలోచనే మా ఫ్లోర్‌లో ఎవరికీ వచ్చినట్టు లేదు. ఉద్యోగం వచ్చి, సింగపూర్ వచ్చి, చేతిలో కార్డు పడ్డాక ఆ అప్పు ఒకేసారి గుర్తొచ్చింది. డబ్బుల్లేని ఆ కుర్రాడికి ఇప్పుడు నేను బొమ్మలు కొనిపెడుతున్నాను. పాపం వాడు ఆడుకోవడానికి రాలేడు.

సేలులో ఏ ఆట కొనాలనే చర్చ ఎక్కడ జరిగినా ఒక లెక్క వినపడుతుంది. ఆట ధరని అది నడిచే గంటలతో భాగించాలట. 60 డాలర్ల ఆట 100 గంటలు నడిస్తే గంటకి 60 సెంట్లు, సినిమా టికెట్టు కంటే ఎంతో చవక. అంటే పొడుగాటి ఆట లాభం, పొట్టి ఆట నష్టం. చాలా ఏళ్ళు నేనూ ఇది నమ్మాను, నమ్మి కొన్నాను. ఇప్పుడు నా అభిప్రాయం ఏమిటంటే, ముప్పై దాటి, పిల్లలుండి, ఉద్యోగం చేసుకునేవాళ్ళకి ఇది తలకిందుల లెక్క. హాస్టల్ కుర్రాడి దగ్గర డబ్బు లేదు, టైము బోలెడుంది. వాడికి ఆ భాగహారం సరిగ్గా సరిపోతుంది. నా దగ్గర లేనిది రెండోది.

నిజంగానే లెక్క వేశాను. అమ్మాయి పడుకునేసరికి తొమ్మిదిన్నర. ఆపైన వారంలో రెండు రోజులు వేరే దేశాల టీములతో కాల్స్. మిగిలిన రోజుల్లో కళ్ళు వాటంతట అవే మూతపడతాయి. శనివారం రాత్రి రెండు గంటలు, మధ్యలో ఎప్పుడో ఒక గంట. వారానికి మూడు అనుకుంటే ఏడాదికి 156 గంటలు. పెర్సోనా 5 రాయల్ అనే జపాన్ ఆట పూర్తవ్వాలంటే అటూ ఇటూగా వంద గంటలు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కథ వరకే చూసుకున్నా దాదాపు యాభై. ఆ రెండూ ఎంత చవకగా వచ్చినా సరే, రెండూ కొంటే నా సంవత్సరం అమ్మేసినట్టే. మిగిలిన ఆరు గంటలూ అప్‌డేట్లు దిగడానికి సరిపోతాయి.

పైగా పొడుగు ఆటలతో ఇంకో చిక్కుంది. మధ్యలో మూడు వారాలు వదిలేస్తే మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలియదు. విచర్ 3 ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ వైట్ ఆర్చర్డ్ అనే మొట్టమొదటి పల్లెటూళ్ళోనే ఆగిపోయాను. అందులో గెరాల్ట్ అనే వీరుడు సిరి అనే అమ్మాయిని వెతుకుతుంటాడు, నేను ఏ బటన్ నొక్కితే కత్తి తీస్తాడో వెతుకుతుంటాను. ఆట గొప్పదే, ఆడినవాళ్ళందరూ అదే చెప్తారు.

రాత్రి ఒంటిగంటకి లేవడం కూడా శుద్ధ దండగ. పదేళ్ళ కిందట లేచేవాణ్ణి, అప్పుడు దానికి అర్థముంది. కొన్ని గంటలే ఉండే ఫ్లాష్ డీల్స్ పెట్టేవారు, నిద్రపోతే పోయినట్టే. 2015 చివర్లో అది తీసేశారు. ఇప్పుడు మొదటి రోజు ఏ ధరో ఆఖరి రోజూ అదే ధర. ఒక ఆట ఇంతకుముందు ఎంత తక్కువకి దిగిందో స్టీమ్‌డీబీలో చూసుకోవచ్చు. చూస్తే తెలిసేదేమిటంటే, ఈసారి వచ్చిన ధర మళ్ళీ వస్తుంది, చాలాసార్లు ఇంకా తగ్గి వస్తుంది. ఫ్యాక్టోరియోవాళ్ళయితే ఈ గొడవే పెట్టుకోలేదు. మా ఆట ఎప్పుడూ సేలులోకి రాదని ముందే చెప్పేశారు. 2023లో ధర 30 డాలర్ల నుంచి 35కి పెంచారు కూడా. బేరం లేదని రాసిపెట్టిన కొట్టు చూసినంత హాయిగా ఉంటుంది నాకు.

ఇక్కడ ప్లేస్టేషన్ ఉన్నవాళ్ళ పద్ధతి వేరు. మా ఆఫీసులో ఒకతను ఎప్పుడూ డిస్కే కొంటాడు. నెల రోజుల్లో ఆట పూర్తిచేసి, కారౌసెల్‌లో అమ్మకానికి పెట్టి, ఏ ఎంఆర్‌టీ స్టేషన్ గేటు దగ్గరో చేతికిచ్చి డబ్బు తీసుకుని రైలెక్కేస్తాడు. పోయేది పదో పదిహేనో డాలర్లు. ఇంట్లో ఒక్క డిస్కు మించి ఉండదు. అతనికి సేళ్ళతో పనిలేదు, మరి అమ్మాలంటే ముందు ఆడి తీరాలి కాబట్టి ఆడతాడు కూడా. పీసీ ఆటలకి డిస్కుల కాలం ఎప్పుడో పోయింది, నాకా దారి లేదు.

"పుస్తకాలు కొని చదవకుండా పెట్టుకోవట్లేదా, ఇవీ అంతే" అని మీరనొచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకునేవాణ్ణి. విజయవాడ పుస్తకాల పండగలో కొన్న సంచులు రెండు నా దగ్గర ఇంకా విప్పనివి ఉన్నాయి. కానీ ఆ పుస్తకాల్ని ఇంటికొచ్చిన స్నేహితుడు పట్టుకెళ్తాడు. రేపు మా అమ్మాయికి తెలుగు చదవడం వస్తే చదువుకుంటుంది. అమ్మ చీరల్లో రెండు ఇప్పటికే మా ఆవిడ కడుతోంది. స్టీమ్ ఆటలు అలా చేతులు మారవు. ఖాతాని వీలునామాలో రాసివ్వడం కూడా కుదరదని 2024లో వాళ్ళ సపోర్టువాళ్ళు ఎవరికో జవాబిచ్చారు. అదే ఏడాది అక్టోబర్ నుంచి, డబ్బు కట్టే పేజీలోనే, మీరు కొంటున్నది ఆటని వాడుకునే లైసెన్సు మాత్రమేనని రాస్తున్నారు. చదివి కూడా కట్టాను, అది వేరే సంగతి. అంచేత, ఆడని ఆట కొనడం చదవని పుస్తకం కొనడం లాంటిది అంటే ఇప్పుడు ఒప్పుకోను. పుస్తకం నాకు కాకపోయినా ఎవరికో పనికొస్తుంది.

ఈసారి కార్టులో ఏడు పడ్డాయి. అమ్మ ప్రశ్న కాస్త మార్చి ఒక్కోదాన్నీ అడిగాను: ఏ శనివారం ఆడతాను, ఎవరితో ఆడతాను? పెర్సోనాకి జవాబు లేదు. రెడ్ డెడ్‌కి లేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ కొత్త రూపం ఉంది గానీ, అది హాస్టల్ బ్యాచ్ అందరం కలిసి ఆడదామని ఇదివరకే కొన్నాం. నాకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర అయితే హైదరాబాద్‌లో ఆరు, మెల్‌బోర్న్‌లో పదిన్నర, డాలస్‌లో పొద్దున ఏడున్నర. ఇప్పటికి రెండంటే రెండుసార్లు కుదిరింది. దానికోసం ఇంకో పైసా పెట్టను, అలాగని తీసేయను కూడా.

జవాబు దొరికింది వెంబాకి. 2023లో వచ్చింది. కెనడా వెళ్ళి స్థిరపడిన ఒక తమిళ కుటుంబం కథ. అమ్మ వంటల పుస్తకం చిరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. మిగిలిన ముక్కల్నిబట్టి వంట ఎలా చెయ్యాలో మనం కనుక్కోవాలి. మొదటి వంట ఇడ్లీ. కొడుకు పెరిగేకొద్దీ ఇంటి భాషకి దూరమవుతుంటాడు. మొత్తం కలిపి రెండు గంటలు కూడా పట్టదు. గంటల లెక్కవాళ్ళ ప్రకారం ఇంతకంటే నష్టపు బేరం ఉండదు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఇక్కడి బడుల్లో మాతృభాషగా తీసుకునే భారతీయ భాషల్లో తెలుగు లేదు. తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. మన పిల్లలు ఏదో ఒకటి తీసుకోవాలి, మేం తమిళం తీసుకున్నాం. దాంతో మా ఇంట్లో మూడు భాషలు, అమ్మాయికి మూడింట్లో చివరిది తెలుగు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. ఇడ్లీ పళ్ళేలు ఏ వరుసలో పేర్చాలో తేలక రెండుసార్లు పాడుచేశాం. "నానమ్మని అడుగుదాం నాన్నా" అంది. వీడియో కాల్ చేస్తే అమ్మ నిజం ఇడ్లీ పాత్రే తెచ్చి కెమెరా ముందు పెట్టింది. పళ్ళెం, చిల్లు, ఆవిరి, గుంట, అన్నీ ఒక్కొక్కటే పట్టుకుని చూపించింది. అమ్మాయి ఆట పక్కన పెట్టేసి అరగంట ఆ పాత్ర గురించే మాట్లాడింది, తెలుగులో. "గుంట"ని "గంట" అంటే అమ్మ దిద్దింది.

సాయంత్రానికి ఆట అయిపోయింది. స్టీమ్‌లో ఒక సదుపాయం ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఆడటం మొదలుపెట్టాక నచ్చలేదనో, మన కంప్యూటర్‌లో నడవలేదనో తెలిసినవాళ్ళకి అది మంచి ఏర్పాటు. కానీ పొట్టి ఆటలు చేసేవాళ్ళకి అది గొడ్డలిపెట్టే. పూర్తిగా ఆడేసి, బాగుందని చెప్పి మరీ వెనక్కివ్వొచ్చు. సోమవారం టీ తాగుతూ ఈ ఆట గురించి చెప్తే మా టీములో కుర్రాడు మొదట అన్నమాట అదే: "బ్రో, రిఫండ్ పెట్టెయ్." వాడిది హాస్టల్ వయసు, వాణ్ణేం అనలేదు. నేనైతే పెట్టలేదు. నాలుగేళ్ళపాటు ఒక్కడికీ రూపాయి ఇవ్వకుండా ఆడినవాణ్ణి, ఇంకా అప్పు మిగిలే ఉంది. రెండు గంటల్లో చెప్పాల్సింది చెప్పేసి ఇంటికి పంపించేవాళ్ళకి నాలాంటివాడు డబ్బు కట్టకపోతే వాళ్ళు కూడా వంద గంటల ఆటలే చేస్తారు.

కార్టులో మిగిలిన ఆరింట్లో ఐదు తీసేశాను. రెడ్ డెడ్ ఒక్కటి అలాగే ఉంచాను, సేలు ముగిసేదాకా. గుర్రం మీద పోతుంటే మంచు పడుతుందట, చాలా బాగుంటుందట. రోజుకోసారి తెరిచి చూసుకునేవాణ్ణి. సేలు అయిపోయాక కూడా అది కార్టులోనే ఉంది, పూర్తి ధరతో. మొన్న అమ్మాయి అడిగింది, వెంబాలాగా గోంగూర పచ్చడి చేసే ఆట ఉందా అని. నాకు తెలిసి లేదన్నాను. అయితే నానమ్మకి ఫోన్ చెయ్యమంది.