చేపని ఆవుకు సూదిమందా?

కొండగట్టు స్థలపురాణంలో సింగం సంజీవుడనే పశువుల కాపరి, తప్పిపోయిన పశువును వెతుకుతూ అలసి నిద్రిస్తే, ఆంజనేయస్వామి కలలో కనిపించి దాని జాడ చెప్పాడంటారు. పశువు దొరికినా పాలు దొరకని కథ మాత్రం నేటిది.

2018లో తెలంగాణ ప్రభుత్వం పాల సహకార సంఘాల సభ్యులకు సగం రాయితీపై (దళిత, గిరిజనులకు 75 శాతం) పాడిపశువులనిచ్చింది. కరీంనగర్ డెయిరీకి పాలు పోసేవారూ అందులో ఉన్నారు. చాలా పశువులు ఇతర రాష్ట్రాల నుంచి లారీలెక్కి వచ్చాయి. బేరం నాడు బిందె నింపిన పశువు ఇంటికొచ్చాక చెంబుతో సరిపెడితే రైతు దళారిని తిడతాడు. దళారులు సత్యహరిశ్చంద్రులని నేననను గానీ, ప్రతిసారీ తప్పు వారిది కాదు.

పొదుగులో పాలుండడం వేరు, చేపడం వేరు. దూడ కుడిచినప్పుడు, చన్నులు తడిమినప్పుడు మెదడునుంచి ఆక్సిటోసిన్ వెలువడి పాలను దించుతుంది. దాని బలం కొద్ది నిమిషాలే. బెదిరిన పశువులో అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. కొత్త కొట్టం, కొత్త చెయ్యి, చివరకు అదిలించే భాష కూడా కొత్తదే! ఎట్లా చేపుతుంది? కొందరు వెంటనే ఆక్సిటోసిన్ సూదికి దిగుతారు. అది మరిగిన పశువు సూది లేనిదే చేపదు. దీనిని నేను వైద్యమనలేను.

కావలసినది ఓపిక. ఒకే మనిషి, ఒకే వేళకు పిండాలి. ముందు దూడను విడవాలి. కర్ర కంటబడరాదు. పాత దాణా కొంత వెంట తెచ్చుకొని వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. కడుపులోని సూక్ష్మజీవులకూ కొత్త మేత అలవడాలి కదా.

ఇటువంటి పథకం మళ్ళీ పెడితే, పగ్గం చేతికిచ్చి ఫోటో దిగడంతో ఆగక, తొలి పది రోజులు పశువైద్య సహాయకుణ్ణి కొట్టానికి పంపాలి. పాత యజమాని వేసిన మేత, పిండిన వేళలు కాగితం మీద రాయించి పశువుతోపాటే పంపాలి.