బీపీ ఉందని చెబితేనే బీమా!

వేసవి సెలవుల్లో యూరప్ టూరు. టూర్ ఆపరేటరుకు అడ్వాన్సు ఎప్పుడో కట్టేశారు. స్విట్జర్లాండు చలికి స్వెట్టర్లు కొన్నారు. తిండి పడదేమోనని పచ్చళ్లు, పొడులు ప్యాక్ చేయించారు. ఈ హడావుడిలో చాలామంది ఆఖరి నిమిషం దాకా పట్టించుకోని కాగితం ఒకటుంది. అదే ట్రావెల్ ఇన్సూరెన్స్. 'వీసాకి కావాలట, ఏదో ఒకటి తీసేయండి' అని ఏజెంటుకు చెప్పేస్తారు. ఆయన చవకైనది చూసి తీసేస్తాడు. ఫారం కూడా ఆయనే నింపేస్తాడు. చిక్కంతా అక్కడే వస్తుంది.

వీసా కోసమేనా?

ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ సహా 29 దేశాల్లో తిరగనిచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికా, బ్రిటన్‌లకు పర్యాటకులుగా వెళ్లేటప్పుడు ఆ నిబంధన లేదు. అలాగని వదిలేయకూడదు. అమెరికాలో ప్రాణం మీదికొచ్చి ఎమర్జెన్సీకి వెళితే డబ్బుల్లేవని వెనక్కి పంపరు. 1986లో చేసిన చట్టం అందుకు ఒప్పుకోదు. కానీ బిల్లు మాత్రం తర్వాత వస్తుంది. మనకు ఇక్కడున్న మెడిక్లెయిం పాలసీల్లో ఎక్కువ భాగం మనదేశంలో చేయించుకున్న వైద్యానికే వర్తిస్తాయి.

దాచిపెడితే...

'మీకు బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా?' అని ఫారంలో అడుగుతారు. 'రోజుకో మాత్రేగా, అదేం జబ్బు!' అనుకుని 'లేదు' అని టిక్కు పెట్టించేవారు ఎందరో. అరవై ఏళ్ల పెద్దాయనకు పారిస్‌లో గుండెనొప్పి వచ్చిందనుకోండి. అక్కడి డాక్టరు మొదట అడిగేది 'ఏ మందులు వాడుతున్నారు?' అనే. ప్రాణభయంలో ఎవరైనా నిజమే చెబుతారు. అది రికార్డులోకి ఎక్కుతుంది. క్లెయిం వెళ్లాక కంపెనీ ఆ రికార్డు తెప్పించుకుంటుంది. ఆసుపత్రి కాగితంలో 'ఉంది', మీ ఫారంలో 'లేదు'. క్లెయిం తిరస్కరించడానికి ఆ ఒక్క తేడా చాలు.

అందుకే ఫారం మీరే నింపండి. ఏజెంటు నింపినా, ప్రతి గడీ చదివాకే సంతకం చేయండి. జబ్బు ఉందని చెబితే ప్రీమియం కొంత పెరగొచ్చు, డాక్టరు సర్టిఫికెట్ అడగొచ్చు. ఒక కంపెనీ కాదంటే మరో కంపెనీని అడగండి.

ఇవి చూసుకోండి

* ముందునుంచీ ఉన్న జబ్బులకు పాలసీ వర్తిస్తుందా? కొన్ని పాలసీలు ప్రాణాపాయం ఏర్పడితేనే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి.

* 'డిడక్టిబుల్' ఎంత? అది 100 డాలర్లయితే, 1,500 డాలర్ల బిల్లులో మొదటి 100 మీరే కట్టుకోవాలి.

* వయసు పైబడినవారికి గది అద్దె, ఆపరేషన్ ఖర్చులపై విడిగా పరిమితులున్నాయా?

* తేదీలు సరిపోయాయా? శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక విమానమైతే తేదీ మారిపోతుంది. తిరిగి ఇల్లు చేరే రోజు వరకూ పాలసీ ఉండాలి.

* పారాగ్లైడింగ్, స్కూబా డైవింగ్ లాంటి సరదాలుంటే వాటికి కవరేజీ ఉందో లేదో ముందే అడగండి.

వెళ్లేటప్పుడు...

పాలసీ నంబరు, కంపెనీ అత్యవసర ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఒకటి పర్సులో పెట్టుకోండి. ఇంకొకటి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ఆసుపత్రిలో చేరాల్సివస్తే వీలైనంత త్వరగా ఆ నంబరుకు చెప్పాలి. మందుల చీటీ వెంట ఉంచుకోండి. సామాను రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్స్ కౌంటర్లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి. పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు ఉండాలి. బిల్లులు, రసీదులు ఒక్కటీ పారేయొద్దు.

అన్నీ సక్రమంగా ఉన్నా క్లెయిం ఇవ్వకపోతే ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు. అయితే అక్కడైనా ముందు బల్లమీదికి వచ్చేది మీరు సంతకం పెట్టిన ఆ ఫారమే!