కోళ్ళ గూటికి గాలి మూయవద్దు



పుష్యమాసములో పసుపు తవ్వకం మొదలైతే ఆర్మూరు ప్రాంతములో ఇంటిల్లిపాది చేలోనే ఉందురు. ఇల్లాలి చేతి ఖర్చుకు ఆధారమైన నాటుకోళ్ళ సంగతి పొద్దుగూకేవరకు ఎవరికీ గుర్తురాదు. అప్పుడు చలికి భయపడి గూటిని నలువైపుల ప్లాస్టిక్ పట్టాతో బిగించెదరు. ఇది పొరపాటని నా అభిప్రాయం.

పెద్ద కోడికి ఈకలే దుప్పటి. ఒళ్ళు పొడిగా ఉన్నచో మన ప్రాంతపు చలిని తట్టుకొనును. బిగించిన గూటిలో ఊపిరి తేమ, రెట్టనుండి పుట్టిన అమ్మోనియా నిలిచి రొంప, గురక పట్టుకొనును. తెల్లవారి తలుపు తీయగానే మీ కళ్ళు మండినవా? రాత్రంతా కోళ్ళు పీల్చినది ఆ గాలినే. ఈదురుగాలి తగలకుండ క్రింద గోనె కట్టి, పైన కోడి తలకు మించిన ఎత్తున జానెడు సందు విడువవలెను. సందుకు సన్నకన్నుల ఇనుప వల కొట్టవలెను. ముంగిసకు అంత దారి చాలును. నేలపై వరి ఊక పరచి, తడిసినది తీసివేయుచుండవలెను.

పొట్టి రకాల ఒళ్ళు త్వరగా చల్లబడును. పిల్లల సంగతి మరీ వేరు. మొదటి వారము వాటికి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావలెను. తరువాత వారానికి 5 డిగ్రీలు తగ్గించవచ్చును. తల్లి లేనిచో విద్యుద్దీపము పెట్టుడు. పిల్లలు దీపము క్రింద గుంపుకట్టినచో వేడి చాలలేదన్నమాట. మూసిన గూటిలో బొగ్గుల కుంపటి మాత్రము పెట్టరాదు. దాని విషవాయువుకు వాసన కూడ లేదు.

పసుపు నీళ్ళు త్రాగించితిమి, కొక్కెర రోగము రాదనువారు మనలో చాలమంది. పసుపు పండించే ఊళ్ళలో ఈ నమ్మకము సహజమే గాని, ఆ రోగానికి టీకాయే దిక్కు. మొదటి వారములో లసోటా చుక్కలు, ఎనిమిదవ వారములో ఆర్ 2 బి టీకా. పశువైద్యశాలలో అడిగి, తవ్వకానికి ముందే వేయించుడు.