పటేల్ షాట్ మనకొద్దు

మా హాస్టల్ రోజుల్లో ఒకసారి దుప్పట్లు పంచుతూ ఫొటో తీశారు. అందులో ఇచ్చేవారి ముఖం నిండుగా పడింది. మావి చాచిన చేతులే పడ్డాయి. తీసేముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మిత్రులారా! ఇప్పుడు మన చేతుల్లోనూ సెల్‌ఫోన్ కెమెరా ఉంది. జహీరాబాద్ బస్టాండులో కునుకు తీసే అవ్వను, అడ్డా మీద పని కోసం చూసే కూలీని తెలియకుండా తీస్తున్నాం. చెప్పి తీస్తే సర్దుకుని నిలబడతారు, సహజత్వం పోతుందంటాం. నిజమే. కానీ మనం ఎక్కడ నిలబడి తీస్తున్నాం?

మన పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు వీడియో కెమెరా నేర్చుకుని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. ఆ తల్లులు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్.

మొన్న అడ్డా మీద సద్ది తింటున్న ఒకామెను ఫొటో తీశాం. "నన్ను తీసి ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నది. జవాబు దొరకలేదు. కూలికి పోయి మమ్మల్ని పీజీ దాకా చదివించిన మా అమ్మల వయసే ఆమెది. ఫొటో చెరిపేశాం.

చెప్పకుండా తీయడం తప్పని మేమనం. తీశాక చూపించాలి, వద్దంటే చెరిపేయాలి. నిద్రపోయే మనిషి వద్దనలేదు కనుక వదిలేయాలి. ఆ దుప్పట్ల ఫొటో మన చేత్తో ఇంకొకరికి తీయవద్దు.