మూలకణ చికిత్స – విద్యయా, వ్యాపారమా?

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతు యింట తీరని రోగము ప్రవేశించినచో తరచుగా చేజారునది భూమి. కావున మూలకణ చికిత్సనుగూర్చి మన పఠనమందిరములలో విచారణ జరుగుట యావశ్యకము.

మూలకణమనగా తాను వృద్ధిపొందుచు, ఇతర కణములుగా మారగల కణము. కంటి నల్లగ్రుడ్డు అంచున నట్టివి కలవు. సున్నము పడి యవి నశించినచో చూపు మందగించును. మనకు దాపుననున్న హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో, రోగి రెండవ కంటినుండి సూక్ష్మమైన తునకను దీసి, చెడిన కంటిపై నాటి పలువురకు చూపు తెప్పించిరి. డాక్టరు వీరేంద్ర సాంగ్వాన్ ప్రభృతులు 2012లో ప్రకటించిన సులభ పద్ధతికి ప్రయోగశాలలో కణములను పెంచు పనియు లేదు. ఇది మన గడ్డపై వికసించిన విద్య. ఇందు పిండనాశము లేదు.

మానవ పిండమునుండి కణములను దీసి పెంచిన 1998 నుండి ధర్మసందేహము బలపడెను. 2006లో జపాను శాస్త్రజ్ఞుడు యమనాక ఎలుక చర్మకణములను మూలకణములవంటివానిగా మార్చి వేరొక మార్గము చూపెను.

నేడు మన ముంగిటనున్న ధర్మసంకటము వేరు. పక్షవాతము, మధుమేహము మొదలగు సర్వరోగములకు మూలకణముల సూదియే మందని ఆశలమ్మువారు కలరు. నిరూపితము కాని చికిత్స పరిశోధనయేయనియు, పరిశోధనలో చేరిన రోగినుండి రుసుము గైకొనరాదనియు భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నియమములు శాసించుచున్నవి.

సోదరులారా! సొమ్ము చెల్లించుటకు ముందు అడుగుడు: ఇది నిరూపితమైన చికిత్సయా, పరిశోధనయా? పరిశోధనయైనచో అనుమతి పత్రమేది? రుసుమెందుకు? సూటియైన జవాబు రానిచోట సంతకము చేయకుడు.