తలిదండ్రుల ఇల్లు వేలమునకు వచ్చినప్పుడు

షోలాపురము, సేలము, బరంపురము మొదలగు చోట్ల స్థిరపడిన మన నేతవారిలో అనేకులకు కాపురమును ఇంటిలోనే, మగ్గమును ఇంటిలోనే. ఆ ఇల్లు వేలమునకు పోయిన, నీడతోపాటు కూడును పోవును. నూలు బాకీకో, కుమార్తె పెండ్లికో, కుమారుని వ్యాపారమునకో తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి, వాయిదాలు తప్పి, బ్యాంకు నోటీసు వచ్చిన పిదప, "రివర్స్ మార్టుగేజి తీసికొని గట్టెక్కరాదా?" అను ప్రశ్న పుట్టుచున్నది.

మా అభిప్రాయము ఇది. ఆ పథకము వృద్ధులకు తిండి పెట్టుటకు ఏర్పడినది. వేలమును ఆపుటకు కాదు.

2008 నాటి నేషనల్ హౌసింగ్ బ్యాంకు నిబంధనల ప్రకారము 60 ఏండ్లు నిండినవారు, తాము సంపాదించి తాము నివసించు ఇంటిపై మాత్రమే దీనిని పొందవచ్చును. తాతలనాటి ఉమ్మడి ఇల్లు దీనికి పనికిరాదు. ఇంటిపై వేరు తాకట్టు ఉండరాదు. ఆ ఇంటి కొరకే చేసిన పాత అప్పును దీనితో తీర్చుకొనవచ్చును గాని, వ్యాపారమునకు ఈ సొమ్ము వాడరాదు. పైగా సొమ్ము సాధారణముగా నెలనెల కొంతకొంతగా వచ్చును; వేలము నాపుటకు కావలసినది ఒక్కసారి మొత్తము! కొడుకు చేసిన అప్పునకు ముసలితల్లిచేత మరల సంతకము పెట్టించుట మాకు బొత్తిగా సమ్మతము కాదు. వడ్డీ ఏటేట అసలులో కలిసి పెరుగుచునే యుండును.

మరి చేయవలసినదేమి? 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద నోటీసు అందిన తరువాత 60 దినముల గడువున్నది. ఆ కాగితమును దూలము సందున దోపి ఊరకుండరాదు. ఆక్షేపణ వ్రాసి పంపిన, బ్యాంకు 15 దినములలో కారణములతో జవాబు ఇయ్యవలెను. 2016 సవరణ తరువాత, వేలము ప్రకటన వెలువడుటకు ముందే బాకీ కట్టి ఇల్లు విడిపించుకొనవలెను. మనది సహకార బ్యాంకు గదా అను ధీమా వలదు. దానికిని ఈ చట్టము వర్తించునని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అన్నదమ్ములు, అప్పచెల్లెండ్రు కూర్చుండి తలాకొంత వేసికొనుట మొదటి మార్గము. అది కుదరనిచో, బ్యాంకు అంగీకారముతో తామే మంచి ధరకు అమ్ముకొనుట వేలముకన్న మేలు.

బాకీ లేని ఇల్లుగల వృద్ధులు రివర్స్ మార్టుగేజి తీసికొనిన మాకు ఆక్షేపణ లేదు. అయితే భార్యకు 55 ఏండ్లు నిండియున్న, ఆమెనుగూడ చేర్చి వ్రాయించవలెను. అట్లయిన ఇద్దరిలో కడపటివారు ఆ ఇంట నివసించునంతవరకు బాకీ తీర్చమని అడుగరు.