కౌలుదారుని హక్కును గూర్చి

2023వ సంవత్సరము డిశంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్లకు చేరువనే తీరము దాటినది. అట్టి తుపాను వచ్చినప్పుడు కోతకు వచ్చిన వరి నేలకొరుగును. కోసి పనలమీద నున్నది నీట నానిపోవును. ఆసామి పొలమని, కౌలుదారుని పొలమని గాలివానకు భేదము లేదు. నష్టపరిహారపు జాబితాకు మాత్రము ఆ భేదము కలదు. పెట్టుబడి పెట్టినవాడును, అప్పు చేసినవాడును కౌలుదారుడే యైనను, పత్రములలో పేరు లేనివానికి తన పంట పోయినదని ఋజువు చూపుట దుర్ఘటము. సూర్యలంక మొదలుకొని రేపల్లె వరకు గల పల్లెలలో ఒకరి భూమిని మరియొకరు దున్నుట ఎంత సాధారణమో మన సభ్యులకు వేరుగ చెప్ప నక్కరలేదు. కావున ఈ మాసమున ఆ విషయమునే వ్రాయ దలంచితిమి.

హక్కు అను మాట పట్టణములందలి న్యాయవాదులకే చెందినదని మన పల్లెలలో పలువురి తలంపు. అది సరి కాదు. 1948వ సంవత్సరము డిశంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనము గావించినది. అందు 25వ ప్రకరణము తిండి, బట్ట, ఇల్లు, వైద్యము ప్రతి మనుష్యునకు హక్కులని చెప్పుచున్నది. జబ్బుచేసినను, వార్ధక్యము వచ్చినను, పని దొరకకపోయినను ఆదరణ పొందుట హక్కే యని చెప్పుచున్నది. ఆ ప్రకటనము తయారగునప్పుడు మొదటి ప్రకరణమున పురుషులను మాత్రమే సూచించు పదమును తీయించి, మనుష్యులందరికి వర్తించు పదమును పెట్టించినవారు మన దేశపు ప్రతినిధి శ్రీమతి హంసా మెహతాగారు. 2018లో అదే సమితి రైతుల హక్కులను గూర్చి ప్రత్యేకముగ మరియొక ప్రకటనము చేసినది. భూమిగల రైతులకే గాక, వ్యవసాయ కూలీలకును, భూమిలేని వారికిని, చేపలు పట్టి జీవించువారికిని అది వర్తించును.

అయినను 2024లో లోకమందు సుమారు 67 కోట్లమంది ఆకలితో నుండిరని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కకట్టినవి. భూమి పండకనే ఇట్లు జరుగుచున్నదా? 1943 నాటి వంగదేశపు కరవులో లక్షలమంది మరణించిరి. ఆ యేట ధాన్యము దేశమున బొత్తిగ లేకపోలేదనియు, కూలీలకు, జాలరులకు, చిన్నపాటి చేతిపనివారికి దానిని పొందు శక్తి నశించుటయే ముఖ్య కారణమనియు ఆచార్య అమర్త్య సేన్‌గారు 1981లో ప్రకటించిన గ్రంథమున నిరూపించిరి. గాదె నిండియున్నను దానిపై అధికారము లేనివానికి ఆకలి తప్పదు. తాను పండించిన పంటపై వ్రాతమూలమైన అధికారము లేని కౌలుదారుని స్థితి దీనికి దూరపుది కాదు.

మన రాష్ట్రమున ఈ లోపమును తీర్చుటకు రెండు చట్టములు వచ్చినవి. 2011 నాటి చట్టము కౌలుదారునకు ఋణ అర్హత పత్రము నొసగినది. దానికి బదులుగ 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల గడువుతో సాగు హక్కు పత్రము నొసగ నేర్పరచినది. ఈ పత్రము చేత నుండినచో పంట ఋణమును, పంట బీమాను, నష్టపరిహారమును అడుగుటకు కౌలుదారునకు ఆధార మేర్పడును. అయితే ఆ ఒడంబడికపై భూమిగల ఆసామి చేవ్రాలు కావలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఆసాములు వెనుదీయుటకు కారణము లేకపోలేదు. 1956 నాటి కౌలు చట్టము కౌలుదారునకు గట్టి రక్షణలు కల్పించినది మొదలు, కాగితము వ్రాసిన భూమి చేజారునను భయము తండ్రులనుండి కొడుకులకు సంక్రమించుచున్నది. ఈ భయమును మేము పరిహసింపము. ఎకరమో, రెండెకరములో కలిగి, పిల్లల చదువునకై పట్టణము చేరిన కుటుంబమునకు ఆ భూమియే ఆధారము. కాని 2019 నాటి చట్టము పంటకు మాత్రమే సంబంధించినది. భూస్వామ్యమున ఎట్టి హక్కును సాగుదారునకు కలుగజేయదు. 11 నెలలు గడచిన పిమ్మట పత్రము చెల్లదు. ఈ సంగతి తెలిసియు చేవ్రాలు చేయనివారును కలరు. తాము సేద్యము చేయకయే, పాసుపుస్తకముపై పంట ఋణమును తామే తీసికొనుట వారి ఉద్దేశము. ఒకే పొలముపై ఒకే పంటకు రెండు ఋణములు పుట్టవు. అప్పుడు కౌలుదారుడు ఎరువుల దుకాణమునందో, వడ్డీ వ్యాపారియొద్దనో అధికపు వడ్డీకి అప్పు తెచ్చుకొనవలసివచ్చును. ఎకరమునకు ఇన్ని బస్తాలని కౌలు పుచ్చుకొనుట న్యాయమే. కౌలుతోపాటు అతని ఋణమును గూడ పుచ్చుకొనుట న్యాయము కాదు. అప్పులలో మునిగిన కౌలుదారుడు నేలకు పశువులయెరువు తోలలేడు, పచ్చిరొట్ట వేయలేడు. దానివలన తుదకు చెడునది ఆసామి భూమియే.

కూలికి వచ్చు స్త్రీల మాటయు ఇందు చేరినదే. సమానమైన పనికి స్త్రీపురుషులకు సమానమైన వేతన ముండవలెనని మన రాజ్యాంగము 39వ అధికరణమున చెప్పుచున్నది. ఊడ్పులలో, కలుపుతీతలో నడుము వంచి పనిచేయు వారికి ఆ మాట చెవిని పడినదా యని ప్రతి ఆసామియు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఇక చేయదగిన పనులను చెప్పెదము. సార్వా నారుమడులు పోయుటకు ముందే గ్రామ రెవెన్యూ అధికారి సమక్షమున కౌలు ఒడంబడికలు వ్రాసికొనవలెను. ఆసాములైన సంఘ సభ్యులు మొట్టమొదట చేవ్రాలు చేసి దారి చూపవలెను. సహకార సంఘములు కౌలుదారులను సభ్యులుగ చేర్చుకొనవలెను. నలుగురు మొదలు పదిమంది వరకు ఒక జట్టుగ కూడి, ఒకరికొకరు పూచీపడి ఋణము పొందు సంయుక్త బాధ్యతా బృందముల నేర్పరచవలెను. పేర్లు జాబితా కెక్కినవో లేదో గ్రామసభలో బిగ్గరగ చదివించి వినవలెను. చదువు రాని కౌలుదారునకు సంఘ కార్యదర్శి దరఖాస్తు వ్రాసిపెట్టుట గొప్ప ఉపకారము.

1921, 22 సంవత్సరములలో పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నులు చెల్లింపక సర్కారు నెదిరించిరి. నిడుబ్రోలులో జన్మించిన ఆచార్య రంగాగారు రైతు హక్కులకై జీవితాంతము పాటుపడిరి. దొరల ప్రభుత్వము నడిగి సాధించుకొన్న సీమ యిది. ఇప్పుడు అడుగవలసినది దొరలను కాదు, మన గట్టు ప్రక్కవానిని. అడుగువాడు సిగ్గుపడ నక్కరలేదు. చేవ్రాలు చేయువాడు భయపడ నక్కరలేదు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును మొదటి అంశముగ చేర్చవలసినదని సంఘ పాలకవర్గములను కోరుచున్నాము.